గోడ సందుల్లో శీతనిద్ర: భవనాల్లో చలికాలం గడిపే గబ్బిలాలపై సమీక్ష

అమెరికాలోని మిషిగన్‌లోనో ఒహాయోలోనో పాతకాలపు ఇల్లు కొనుక్కుని స్థిరపడినవాళ్లకు, మన తెలుగువాళ్లతో సహా, జనవరి నెలలో ఒక్కోసారి వింత అనుభవం ఎదురవుతుంది. బయట మోకాలి లోతు మంచు ఉంటుంది. చెట్టుకు ఆకు ఉండదు, గాలిలో పురుగన్నది కనపడదు. అలాంటి రాత్రి మేడమీది గదిలో ఒక గబ్బిలం చక్కర్లు కొడుతుంది. తలుపులూ కిటికీలూ నెలల తరబడి మూసే ఉన్నాయి. మరి ఇది ఎక్కడినుంచి వచ్చింది? అది బయటినుంచి రాలేదు. చలి మొదలైనప్పటినుంచీ ఆ ఇంట్లోనే, పైకప్పు దూలాల సందులోనో గోడ లోపలి ఖాళీలోనో నిద్రపోతూ ఉంది. ఏదో కారణంవల్ల మెలకువ వచ్చి, దారి తప్పి మనుషులుండే గదిలోకి దిగింది.

దాన్ని బయటికి తోలేస్తే తెల్లారేసరికి గడ్డకట్టి చచ్చిపోవచ్చు. ఉండనిద్దామంటే రేబిస్ భయం. పైకప్పు సందులన్నీ మూయించేద్దామంటే లోపల ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. యూరప్, ఉత్తర అమెరికా దేశాల్లో ఈ చిక్కు ఇంటి యజమానుల నుంచి ఇంజనీర్ల దాకా, జీవశాస్త్రవేత్తల నుంచి న్యాయస్థానాల దాకా పాకింది. గబ్బిలాలు భవనాల్లో ఎందుకు నిద్రపోతాయి, ఆ నిద్ర చెడితే ఏమవుతుంది, ఇల్లూ గబ్బిలమూ రెండూ క్షేమంగా ఉండే దారి ఏది అన్న ప్రశ్నల మీద గత కొన్ని దశాబ్దాల్లో చాలా పరిశోధన పోగైంది. దాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలిందొకటే. ఈ తగువు చోటు గురించి అనిపిస్తుంది గానీ, నిజానికి అది కాలం గురించి. ఏ పని ఏ నెలలో చేస్తున్నామన్నదే ఈ జీవి బతుకునూ చావునూ తేలుస్తుంది.

రెండు గ్రాముల కొవ్వు, ఆరు నెలల చలి

చలిదేశాల గబ్బిలాలు దాదాపు అన్నీ పురుగుల మీద బతికేవే. యూరప్‌లో ఇళ్ల చుట్టూ కనిపించే కామన్ పిపిస్ట్రెల్ 5 గ్రాములు తూగుతుంది. వేసవి రాత్రుల్లో అది లెక్కలేనన్ని దోమల్నీ చిన్న పురుగుల్నీ పట్టి తింటుంది. చలి ముదిరాక ఆ తిండి ఆగిపోతుంది. అప్పుడు దాని ముందు రెండే దారులు: వెచ్చని చోటికి వలస పోవడం, లేదా ఖర్చు తగ్గించుకుని పడుకోవడం. ఎక్కువ జాతులు రెండో దారినే పడతాయి. కొన్ని వందల కిలోమీటర్లు వలస వెళ్లి, వెళ్లినచోట నిద్రకు దిగుతాయి.

శరదృతువులో అవి తిని తిని ఒంటి బరువును పావువంతు నుంచి మూడోవంతు దాకా పెంచుకుంటాయి. ఉత్తర అమెరికాలోని లిటిల్ బ్రౌన్ బ్యాట్ దగ్గర చలికాలం మొదట్లో ఉండే కొవ్వు రెండు మూడు గ్రాములే. దానితోనే ఏప్రిల్ దాకా నెట్టుకురావాలి. కరువు రోజుల్లో గాదెలోని గింజలను దోసిళ్లతో కొలిచి వండే ఇల్లాలికి ఎంత లెక్క ఉంటుందో ఈ జీవి శరీరానికీ అంత లెక్క ఉంటుంది.

ఆ పొదుపు పేరే టార్పర్. ఎగిరేటప్పుడు నిమిషానికి వందలసార్లు కొట్టుకునే గుండె ఈ స్థితిలో 10, 20 సార్లకు దిగుతుంది. ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలికన్నా ఒకటి రెండు డిగ్రీలే ఎక్కువగా ఉంటుంది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య చాలా నిమిషాలు గడుస్తాయి, ఒక్కోసారి గంట దాటుతుంది. తేమ నిండిన నేలమాళిగలో టార్చిలైటు వేసి చూస్తే నిద్రలో ఉన్న గబ్బిలం బొచ్చు మీద నీటి బొట్లు వెండిపూసల్లా మెరుస్తాయి. ఒళ్లు రాయంత చల్లబడి ఉండటంవల్ల గాలిలోని తేమ దాని మీదే చేరుకుంటుంది. తలకిందులుగా వేలాడటానికి దానికి కండబలం అక్కర్లేదు. కాలివేళ్ల స్నాయువులు ఒంటి బరువుకే బిగుసుకుని కొక్కెంలా పట్టేస్తాయి. అందుకే నిద్రలోనే చచ్చిపోయిన గబ్బిలం కూడా కొన్నిసార్లు వేలాడుతూనే కనిపిస్తుంది.

ఈ నిద్ర ఏకబిగిన సాగదు. జాతిని బట్టి, చలిని బట్టి సగటున రెండు మూడు వారాలకోసారి గబ్బిలం మేలుకుంటుంది. నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది, కొన్నిసార్లు చోటు మారుతుంది. మేలుకోవడమంటే కళ్లు తెరవడం కాదు. ముందు భుజాల మధ్య ఉన్న గోధుమరంగు కొవ్వు మండటం మొదలవుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది, తర్వాత ఒళ్లంతా వణుకు పుడుతుంది. 5 డిగ్రీల దగ్గర ఉన్న శరీరం అరగంటకో అంతకు కాస్త ఎక్కువ సేపటికో 35 డిగ్రీలు దాటుతుంది. కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ థామస్, ఆయన సహచరులు 1990లో వేసిన లెక్క ప్రకారం లిటిల్ బ్రౌన్ బ్యాట్ చలికాలపు కొవ్వులో దాదాపు నాలుగింట మూడువంతులు ఈ కొద్దిపాటి మెలకువలకే ఖర్చవుతుంది. ఒక్కసారి లేచి పడుకోవడానికి అయ్యే కొవ్వు నిద్రలో ఉంటే సుమారు రెండు నెలలకు సరిపోయేది. ఇకముందు చెప్పబోయే జబ్బులూ చట్టాలూ కట్టడాలూ అన్నీ ఈ ఒక్క అంకెకు వచ్చి తగులుకుంటాయి.

ఆడ గబ్బిలానికి ఈ లెక్క ఇంకా కఠినం. చాలా జాతుల్లో జతకట్టడం శరదృతువులో జరుగుతుంది. మగ బీజాన్ని ఆడది చలికాలమంతా ఒంట్లో దాచుకుంటుంది, గర్భం నిలిచేది వసంతంలో. కాబట్టి దానికి ఏప్రిల్‌లో కూడా కాస్త కొవ్వు మిగలాలి. కెనడాలో లిటిల్ బ్రౌన్ బ్యాట్‌లను తూచి చూసిన పరిశోధకులు ఆడవి మగవాటికన్నా నెమ్మదిగా కొవ్వు ఖర్చు చేస్తున్నట్టు కనుగొన్నారు. సాధారణంగా ఏడాదికి పుట్టేది ఒక్క పిల్లే. దానికి బదులుగా ఆయుష్షు ఎక్కువ. సైబీరియాలో గుర్తు తగిలించి వదిలిన బ్రాండ్స్ బ్యాట్ ఒకటి 41 ఏళ్ల తర్వాత మళ్లీ దొరికింది. ఎలుకల్లా పోయిన సంఖ్యను ఏడాదిలో పూడ్చుకునే జాతులు కావివి. ఒక్క చలికాలంలో జరిగిన నష్టం దశాబ్దాలు వెంటాడుతుంది.

భవనం గుహగా మారిన తీరు

గబ్బిలం చలికాలపు చోటు నుంచి ఏం కోరుకుంటుంది? చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు, వేడి అటూఇటూ ఊగకూడదు. చాలా జాతులకు 2 నుంచి 10 డిగ్రీల మధ్య, తేమ నిండిన చోటు అనుకూలం. ఇవన్నీ సహజంగా గుహల్లో, ముసలి చెట్ల తొర్రల్లో, కొండ చీలికల్లో దొరుకుతాయి. మనిషి కట్టినవాటిలో మూడు రకాల చోట్ల ఇవి కుదిరాయి.

మొదటిది కోటలూ బంకర్లూ. పోలండ్ పశ్చిమాన మెండ్జిజెచ్ దగ్గర 1930లలో జర్మన్లు తవ్విన సైనిక సొరంగాలు 30 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. యుద్ధం కోసం పోసిన ఆ కాంక్రీటులో ఇప్పుడు ఏటా 30 వేలకు పైగా గబ్బిలాలు, 12 జాతులవి, చలికాలం గడుపుతున్నాయి. అక్కడ జనవరిలో జరిగే లెక్కింపు యూరప్‌లోనే పేరున్నది. బెర్లిన్‌లోని 16వ శతాబ్దపు స్పాండావ్ కోట ఇటుక గోడల్లో, మార్‌బుర్గ్ కోట నేలమాళిగలో కూడా వేల గబ్బిలాలు నిద్రిస్తాయి.

రెండోది పాత బంగళాలు. వేల్స్‌లో, ఇంగ్లండ్ నైరుతిలో, ఐర్లండ్‌లో లెస్సర్ హార్స్‌షూ అనే జాతి ఒకే పెద్ద భవనాన్ని రెండు రకాలుగా వాడుకుంటుంది. వేసవిలో ఎండకు కాగే అటిక్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో, పిల్లల్ని కంటుంది, చలికాలంలో అదే భవనం నేలమాళిగకు దిగుతుంది. అందుకే విన్సెంట్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ లాంటి సంస్థలు శిథిలమవుతున్న ఇళ్లను కొని, పైకప్పు బాగుచేసి, నేలమాళిగలో చలి నిలిచేలా తీర్చి ఈ గబ్బిలాలకోసం నిర్వహిస్తున్నాయి. దీన్నిబట్టి ఒక ఇంట్లో గబ్బిలాలున్నాయా అన్న ప్రశ్న చాలదు. ఏ నెలలో, ఏ అంతస్తులో అని అడగాలి.

మూడోది, అన్నిటికన్నా చిక్కయినది, మనుషులు కాపురముంటున్న మామూలు ఇళ్లు, అపార్ట్‌మెంట్లు. అమెరికాలో బిగ్ బ్రౌన్ బ్యాట్ ఇలాంటి ఇళ్లలోనే చలికాలం గడుపుతుంది. ఇండియానా రాష్ట్రంలో జాన్ విటేకర్ 1992లో దీన్ని వివరంగా రాశారు. కింది గదుల్లో హీటర్లు నడిచే భవనంలో అటిక్ మరీ వెచ్చబడదు, అలాగని గడ్డకట్టదు. బయట సున్నాకు 20 డిగ్రీలు కింద ఉన్నా దూలం వెనక చోటు గబ్బిలానికి సరిపోతుంది. తూర్పు యూరప్ నగరాల్లో కాంక్రీటు పలకలు జోడించి కట్టిన అపార్ట్‌మెంట్లలో నాక్ట్యూల్ అనే పెద్ద గబ్బిలం పలకల మధ్య సందుల్లో, చదును పైకప్పు కింది గాలి రంధ్రాల్లో వందల కొద్దీ ఒదుగుతుంది. నాక్ట్యూల్ నిజానికి చెట్టు తొర్రల జాతి. ముసలి చెట్లు తరిగిపోయాయి, అదే సమయంలో ఊళ్లలో వెచ్చని చీలికలు పెరిగాయి.

ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ఈ మార్పుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు అక్కడి నాక్ట్యూల్‌లు చలికాలానికి నైరుతి దిశగా వలస పోయేవి. తర్వాత నగరంలోనే ఉండిపోవడం మొదలుపెట్టాయి. పన్నెండేళ్ల సమాచారం చూసిన పరిశోధకులు 2020లో ఒక సంగతి బయటపెట్టారు. కొత్త చోట్ల చలికాలం గడపడానికి ముందు సాహసించింది ఆ ఏడే పుట్టిన కుర్ర మగ గబ్బిలాలు, ఆడవి ఆ తర్వాత చేరాయి. చలికాలాలు మెత్తబడటం ఇందులో ఒక పాలు. నగరం ఇచ్చిన గోడలు ఇంకో పాలు.

కనపడకపోతే లేనట్టు కాదు

ఈ రంగంలో పనిచేసేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఉనికి తేల్చడమే. వేసవిలో గబ్బిలాలుంటే పెంటికలు రాలతాయి, వాసన వస్తుంది, సాయంత్రం బయటికెళ్లేటప్పుడు లెక్కపెట్టవచ్చు. చలికాలంలో అవి తినవు కాబట్టి రాల్చేది దాదాపు ఏమీ ఉండదు. కదలవు, కూయవు. ఒళ్లు గోడంత చల్లగా ఉంటుంది కాబట్టి వేడిని పట్టే థర్మల్ కెమెరాకు కూడా గోడా గబ్బిలమూ ఒకటే. సన్నని గొట్టం కెమెరా గోడలోకి దూర్చినా చీలిక మలుపు తిరిగితే అవతల ఏముందో కనపడదు. బ్రిటన్‌లో పిపిస్ట్రెల్‌లు లక్షల్లో ఉన్నాయి. చలికాలపు సర్వేల్లో దొరికేవి అందులో ఏ మూలకూ రావు.

నెదర్లాండ్స్ పరిశోధకులు దీనికి వేసవిలోనే ఒక ఉపాయం కనిపెట్టారు. పిపిస్ట్రెల్‌లు చలికాలంలో గుంపుగా చేరబోయే ఎత్తయిన భవనాల చుట్టూ ఆగస్టు నడిరాత్రుల్లో ముందే మూగి తిరుగుతాయి. చోటును పరిశీలించడానికో, ఆ ఏటి పిల్లలకు చూపించడానికో కావచ్చు. ఆ రాత్రుల్లో నగరమంతా తిరిగి ఈ గుంపుల్ని గుర్తిస్తే జనవరిలో ఏ భవనాన్ని ముట్టకూడదో తెలిసిపోతుంది. చలికాలపు ప్రశ్నకు జవాబు వేసవిలో వెతకాలన్న ఈ పాఠం విధానాలు రాసేవాళ్లు ముందుగా నేర్చుకోవలసినది.

నిద్ర చెడితే

మనిషి ఎంతవరకు దగ్గరికెళితే గబ్బిలం మేలుకుంటుంది? దీనిమీద ఒక పాత వివాదం ఉంది. 1991లో అబర్డీన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నిద్రపోతున్న గబ్బిలాల మీద వెలుతురూ చప్పుడూ పరీక్షించి, ముట్టుకుంటే తప్ప అవి పెద్దగా మేలుకోవడం లేదన్నారు. 1995లో డొనాల్డ్ థామస్ కెనడాలోని ఒక చలికాలపు స్థావరంలో జనం వచ్చిపోయిన తర్వాత కొన్ని గంటలపాటు ఎగిరే గబ్బిలాల సంఖ్యను నమోదు చేసి, ముట్టుకోకపోయినా మెలకువలు పెరుగుతున్నాయని చూపించారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటిది ఒక్కో గబ్బిలం మీద, అప్పటికప్పుడు చూసిన ఫలితం. రెండోది చాలా గబ్బిలాలున్న చోట, కొన్ని గంటల తర్వాత చూసిన ఫలితం. ఒకటి లేస్తే దాని కదలికకు పక్కదీ లేస్తుంది. మనిషి వెళ్లిపోయాక మొదలయ్యే ఆ అలజడి మనిషికి కనపడదు.

కాబట్టి "నేను చూసి వచ్చాను, అవేం కదల్లేదు" అన్న మాటకు విలువ తక్కువ. ఇంటి మరమ్మతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రిల్లింగ్ కుదుపులు, పైకప్పు ఊడదీయడంతో దూరే చలిగాలి, రసాయనాలు, అన్నీ ఒకేసారి వస్తాయి. 1970, 80లలో బ్రిటన్‌లో దూలాలకు పురుగు పట్టకుండా లిండేన్, పెంటాక్లోరోఫినాల్ లాంటి విషాలు పూసేవాళ్లు. పూత ఆరిపోయాక వచ్చిన గబ్బిలాలు కూడా వాటికి చచ్చిపోతున్నాయని తేలాక వేరే మందులకు మారారు. ఈమధ్య పైకప్పు కింద పరిచే కొత్తరకం గాలి ఆడే షీట్ల నారపోగుల్లో గబ్బిలాల గోళ్లు చిక్కుకుని అవి అక్కడే వేలాడి చనిపోతున్నాయని బ్రిటన్ పరిశోధకులు గుర్తించారు. మంచి ఉద్దేశంతో తెచ్చిన వస్తువే ఉరితాడయింది. అందుకే అక్కడ గబ్బిలాలున్న పైకప్పులకు పాతరకం తారు షీటో, గోళ్లు చిక్కుకోవని పరీక్షలో తేలిన షీటో వాడమంటున్నారు.

తెల్లముక్కు జబ్బు

నిద్ర చెడగొట్టడం ఎంత ప్రాణాంతకమో లోకానికి ఒక బూజు చూపించింది. 2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో మూతి మీద తెల్లని బూజు పట్టిన గబ్బిలాలను ఒక సందర్శకుడు ఫొటో తీశాడు. తర్వాతి చలికాలాల్లో గుహల ముందు మంచు మీద గబ్బిలాల శవాలు గుట్టలుగా పడ్డాయి. సూడోజిమ్నోయాస్కస్ డిస్ట్రక్టాన్స్ అనే శిలీంధ్రమే కారణమని 2011లో ప్రయోగపూర్వకంగా తేలింది. అది చల్లదనంలో పెరుగుతుంది, సుమారు 20 డిగ్రీలు దాటితే పెరగలేదు. వేసవిలో గబ్బిలం ఒంటి వేడికి అది నిలవదు. టార్పర్‌లో ఉన్న చల్లని ఒళ్లు మాత్రం దానికి పంటపొలం. రెక్కల చర్మాన్ని తినేస్తుంది, ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోతాయి, గబ్బిలం పదేపదే మేలుకుంటుంది. ఫిబ్రవరికే కొవ్వు అయిపోయి, తిండి కోసం పట్టపగలు మంచులోకి ఎగిరి చచ్చిపోతుంది.

2012 నాటికి 57 లక్షల నుంచి 67 లక్షల గబ్బిలాలు చనిపోయాయని అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అంచనా వేసింది. లిటిల్ బ్రౌన్, నార్తర్న్ లాంగ్-ఇయర్డ్, ట్రైకలర్డ్ అనే మూడు జాతులు జబ్బు సోకిన ప్రాంతాల్లో పదేళ్లలోపే 90 శాతానికి పైగా తగ్గాయి. యూరప్ గబ్బిలాలు ఇదే శిలీంధ్రంతో చాలాకాలంగా బతుకుతున్నాయి. అక్కడినుంచే, బహుశా మనుషుల బూట్లకో సామానుకో అంటుకుని, అది అమెరికా చేరిందని భావిస్తున్నారు. మనుషులకు ఈ జబ్బు రాదు.

ఇక్కడ భవనాల పాత్ర ఆసక్తికరం. ఇళ్లలో నిద్రించే బిగ్ బ్రౌన్ బ్యాట్ ఈ జబ్బుకు మిగతావాటంతగా బలికాలేదు. దాని ఒళ్లు పెద్దది, కొవ్వు ఎక్కువ. అటిక్‌ల పొడి గాలి బూజుకు గిట్టకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. కట్టడంతో మేలు చేయవచ్చన్న ఆలోచన కూడా అప్పుడే ఊపందుకుంది. 2012లో టెనెసీ రాష్ట్రంలో నేచర్ కన్జర్వెన్సీ సంస్థ గబ్బిలాలకోసం ఒక కాంక్రీటు గుహ కట్టింది. గబ్బిలాలు లేని వేసవిలో దాన్ని కడిగి బూజు లేకుండా చేయవచ్చు, సహజమైన గుహలో అది కుదరదు. మెయిన్ రాష్ట్రంలో మూతపడిన వైమానిక స్థావరం ఆయుధ బంకర్లను కూడా ఇందుకు ప్రయత్నించారు. ఇవి మందు కావు. మనిషి కట్టే గోడ గబ్బిలానికి ఆసరా కాగలదని చూపిన ప్రయోగాలు.

గబ్బిలాలు పోతే మనకేం అనేవాళ్లకు 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం జవాబిచ్చింది. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఇయాల్ ఫ్రాంక్, తెల్లముక్కు జబ్బు సోకిన జిల్లాలనూ సోకనివాటినీ పోల్చారు. గబ్బిలాలు పోయిన చోట రైతులు పురుగుమందుల వాడకాన్ని సగటున 31 శాతం పెంచారు. అదే చోట్ల పసిపిల్లల మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. పురుగుల్ని తినే జీవి చేసే పనిని మందు డబ్బా చేస్తే ఆ ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతుందో ఈ అంకె చెబుతోంది.

ఇల్లు వెచ్చబడుతుంటే

ఇప్పుడు యూరప్‌లో అసలు ఘర్షణ వేరే చోట ఉంది. భూతాపం తగ్గించాలంటే ఇంధనం ఆదా చేయాలి, ఇంధనం ఆదా చేయాలంటే గోడల్లో పగుళ్లు పూడ్చి ఇన్సులేషన్ వేయాలి. లక్షల ఇళ్లకు ఇది జరుగుతోంది. నెదర్లాండ్స్‌లో రెండు వరసల ఇటుకల మధ్య ఖాళీలోకి నురుగో పూసలో ఎక్కిస్తారు. చెక్, స్లొవాక్, పోలండ్ నగరాల్లో అపార్ట్‌మెంట్ల బయట పాలిస్టైరీన్ పలకలు అతికిస్తారు. చలికాలంలో ఈ పని చేస్తే లోపలున్న గబ్బిలాలు సమాధి అవుతాయి.

2023లో నెదర్లాండ్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం గబ్బిలాల సంగతి సరిగా తేల్చకుండా గోడ ఖాళీల్లో ఇన్సులేషన్ నింపడం చట్టవిరుద్ధమంది, గొట్టం కెమెరాతో పైపైన చూస్తే చాలదంది. ప్రతి ఇంటివాడూ సొంత ఖర్చుతో ఏడాది పొడవునా సర్వే చేయించాలంటే ఎవరూ ఇన్సులేషన్ జోలికే పోరు. అందుకే ఇల్లిల్లూ కాకుండా ఊరు మొత్తానికి ఒకేసారి సర్వే చేయించి, గబ్బిలాలు ఉండే చోట్లు గుర్తించి, ప్రత్యామ్నాయ గూళ్లు ముందే అమర్చే పద్ధతికి పురపాలికలు మళ్లుతున్నాయి. నా దృష్టిలో ఈ సమస్యకు ఇప్పటిదాకా వచ్చిన పరిష్కారాల్లో ఇదే న్యాయమైనది. భారాన్ని ఒక్క ఇంటిమీద వేయకుండా ఊరంతా మోస్తుంది. వాతావరణాన్నీ గబ్బిలాన్నీ పోటీకి పెట్టకుండా రెండిటికీ చోటిస్తుంది.

ఖార్కివ్‌లో భవనం గబ్బిలాలకు ఉచ్చు కావడం యుద్ధం రూపంలో వచ్చింది. బాంబు దాడుల్లో కిటికీ అద్దాలు పగిలిన భవనాల్లోకి శరదృతువులో నాక్ట్యూల్‌లు గుంపులుగా దూరి, జంట కిటికీ తలుపుల మధ్య జారిపడి, మళ్లీ పైకి పాకలేక చనిపోతున్నాయని అక్కడి గబ్బిలాల పునరావాస కేంద్రం శాస్త్రవేత్తలు 2022లో రాశారు. వాళ్లు పగిలిన గదులన్నీ తిరిగి వాటిని ఏరుకొస్తారు. నీరసించినవాటికి పురుగులు తినిపించి బరువు పెంచుతారు. గుడ్డ సంచుల్లో పెట్టి ఫ్రిజ్‌లో చలికాలమంతా నిద్రపుచ్చి, వసంతంలో వదిలేస్తారు. సైరన్లు మోగుతున్న ఊళ్లో మనుషులు ఈ పనికి పూనుకున్నారంటే అది గౌరవించవలసిన సంగతి.

చట్టం, ఆరోగ్యం, ఇంటివాళ్లు

బ్రిటన్‌లో 1981 నాటి చట్టంతో గబ్బిలాలకూ అవి ఉండే చోట్లకూ రక్షణ వచ్చింది. ఆ సమయానికి గబ్బిలం లోపల లేకపోయినా దాని స్థావరం చెడగొట్టకూడదు. యూరోపియన్ యూనియన్ 1992లో అన్ని జాతుల గబ్బిలాలనూ కట్టుదిట్టమైన రక్షణ జాబితాలో చేర్చింది. అమెరికాలో అంతరించే జాబితాలోని జాతులకు తప్ప మిగతావాటికి రక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చట్టం కఠినంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. బ్రిటన్‌లో పద్ధతి నిలబడటానికి అసలు కారణం, ఇంటివాళ్లు భయపడకుండా ఫోన్ చేసి అడగగలిగే గబ్బిలాల హెల్ప్‌లైన్ ఉండటం, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటికొచ్చి చూడటం. అడిగితే పని ఆగిపోతుందన్న భయం ఉన్నచోట జనం అడగకుండానే మూసేస్తారు.

ఆరోగ్యం విషయంలో సూటిగా మాట్లాడుకోవాలి. గబ్బిలాల్లో రేబిస్ ఉన్నవి చాలా తక్కువ. కానీ అమెరికాలో రేబిస్‌తో చనిపోయే కొద్దిమందిలో ఎక్కువమందికి అది గబ్బిలం నుంచే వచ్చింది, కరిచిన గాటు కంటికి కనపడనంత చిన్నది కావచ్చు. అందుకే అక్కడ నిద్రపోతున్నవారి గదిలోనో, ఒంటరిగా ఉన్న పసిపిల్లల గదిలోనో గబ్బిలం కనిపిస్తే దాన్ని వదిలేయకూడదు. చేతికి మందపాటి తొడుగు వేసుకుని డబ్బాలో బంధించి ఆరోగ్యశాఖకు ఫోన్ చేయాలి. ఎవరికీ తగల్లేదని రూఢి అయితే వన్యప్రాణి సంరక్షకులకు అప్పగించాలి. చలికాలంలో బయటికి విసిరేయకూడదు. ఉత్త చేత్తో ముట్టుకోకపోవడం ఎక్కడైనా ఒకటే నియమం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. గబ్బిలాలు ఎలుకల్లా కర్ర కొరకవు, కరెంటు తీగలు కొరకవు. గోడలో నిద్రపోతున్న గబ్బిలంవల్ల ఆ నిద్రాకాలంలో ఇంటికి జరిగే నష్టం దాదాపు సున్నా.

అసలే వద్దనుకునే ఇంటివాళ్లకూ దారి ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా సందులు ముట్టకూడదు, నిద్రలో ఉంటాయి. మే చివరినుంచి ఆగస్టు మొదటిదాకా ముట్టకూడదు, ఎగరలేని పిల్లలుంటాయి. మిగిలిన వసంతం, శరదృతువుల్లో, రాత్రులు వెచ్చగా ఉన్నప్పుడు, బయటికెళ్లగలిగి లోపలికి రాలేని వన్-వే ద్వారం పెట్టి, అన్నీ వెళ్లాయని తేలాక సందు మూయాలి. మనుషులుండే గదుల్లోకి వచ్చే పగుళ్లను మాత్రం లోపలివైపు నుంచి ఏ నెలలోనైనా పూడ్చుకోవచ్చు. ఇంటికి గబ్బిలాల పెట్టె తగిలిస్తే అవి ఊరు విడిచిపోనక్కర్లేదు.

మన వైపు నుంచి చూస్తే

ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో ఆరు నెలల శీతనిద్ర అవసరం లేదు. మన చలికాలంలోనూ పురుగులు దొరుకుతాయి, తెల్లముక్కు శిలీంధ్రం పెరిగేంత చల్లదనం మన కోటల్లో ఉండదు. అయినా భవనాల్లో గబ్బిలాలన్నది మనకు పాత సంగతే. గోల్కొండ చీకటి గదుల్లో, పాత గుళ్ల మండపాల్లో అవి తరాలుగా ఉంటున్నాయి. ఒక చోటు పోతే జాతి ఎంత ప్రమాదంలో పడుతుందో మనకు పొరుగున ఉన్న కోలారు చెబుతుంది. అక్కడి హనుమనహళ్లి గ్రానైటు గుహను నమ్ముకుని బతుకుతున్న ఆకుముక్కు గబ్బిలం ఒకటుంది. క్వారీ తవ్వకాలు ఆ గుహ దాకా వచ్చినప్పుడు దాన్ని కాపాడే పనిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ముందున్నారు. చట్టం కూడా కొంత కదిలింది. పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువులుగా లెక్కగట్టిన వన్యప్రాణి చట్టపు 5వ షెడ్యూలును 2022 సవరణ తీసేసింది.

చలిదేశాల అనుభవం నుంచి మనం తీసుకోదగిన పాఠం ఒక్కటుంది: ముందు చూడు, తర్వాత మూయి. గుడి జీర్ణోద్ధరణకు పూనుకునేటప్పుడు, కోట గదులకు జాలీలు బిగించేటప్పుడు, లోపల ఏ జాతి ఉంది, ఎప్పుడు పిల్లలు పెడుతుంది అని జీవశాస్త్రవేత్తను ఒక్కసారి అడిగితే చాలు. అలా అడిగే అలవాటు మన పురావస్తు శాఖలకూ దేవస్థానాలకూ ఇంకా రాలేదు. రావాలి.

తేలిందేమిటి

ఈ పరిశోధన అంతటినీ కలిపి చూస్తే కొన్ని విషయాల్లో ఇక సందేహం లేదు. శీతనిద్రలో మెలకువే పెద్ద ఖర్చు, ఆ ఖర్చు పెంచేది ఏదైనా, బూజైనా డ్రిల్లింగైనా, చంపుతుంది. భవనాలు కొన్ని జాతులకు ఇప్పుడు ముఖ్యమైన చలికాలపు నివాసాలు. చలికాలపు సర్వేలో కనపడలేదని లేవనుకోకూడదు. తేలనివి కూడా ఉన్నాయి. చలికాలాలు వెచ్చబడే కొద్దీ గబ్బిలాల కొవ్వు లెక్క ఎటు మొగ్గుతుంది? కొత్తగా అమర్చే గూళ్లు గోడలోని పాత సందుకు నిజంగా సాటి వస్తాయా? లిటిల్ బ్రౌన్ బ్యాట్‌లలో మిగిలిన కొన్ని గుంపులు జబ్బును తట్టుకునే శక్తి సంపాదిస్తున్నాయా? వీటికి జవాబులు రావడానికి ఏళ్లు పడుతుంది, ఏడాదికి ఒక్క పిల్లను కనే జీవి తొందరపడదు.

ఆ జవాబుల కోసం ఆగకుండా ఇప్పుడే చేయగలిగింది మాత్రం చేతిలోనే ఉంది. ఇల్లు బాగుచేసుకునే హక్కు ఇంటివాళ్లకు ఎప్పుడూ ఉంది, ఇన్సులేషన్ ఊరికీ భూమికీ అవసరం. దాన్ని ఆపమని ఏ శాస్త్రవేత్తా అడగడం లేదు. జనవరిలో కాకుండా సెప్టెంబరులో చేయమంటున్నారు, చేసేముందు గోడను ఒకసారి చూడమంటున్నారు. కాంట్రాక్టరుకు అది పని జాబితాలో ఒక తేదీ మార్పు. రెండు గ్రాముల కొవ్వు మీద బతుకుతున్న జీవికి అది మరో ఏడాది, ఒక పిల్ల, కలిసొస్తే నలభయ్యేళ్ల ఆయుష్షు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ప్రాణదానం చేసే అవకాశం మనుషులకు తరచుగా రాదు. వచ్చినచోట దాన్ని వదులుకోకూడదు.